పన్నెండు వోల్టులు తప్పు కాయవు

కార్ల కరెంటు పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా పేరు పైడిరాజు. బొబ్బిలి దగ్గర సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, కంచరపాలెంలో పని నేర్చుకుని, ఎక్కువ కాలం పోర్టు ట్రైలర్ల మీద బతికి, రెండేళ్ల కిందట పనిముట్లు మూలన పెట్టేసిన ఆటో ఎలక్ట్రీషియన్ని. ఎన్ని బళ్లు బాగుచేశానో చెప్పుకోవడం నాకు చేతకాదు, వినడానికి మీకూ ఓపిక ఉండదు. ఒక వ్యాన్‌ని ఎలా పాడుచేశానో చెబుతాను. ఆ వ్యాన్‌లో పడుకున్న మనిషే నాకు పని నేర్పినాయన. అది తెలిస్తే మిగతా పాఠం మీకు ఊరికే గుర్తుంటుంది.

ఎక్కడ భయపడాలి

ఇంట్లో కరెంటంటే అందరికీ భయమే, షాకు కొడుతుంది కనక. బండిలో ఆ భయం ఉండదు. పొడి చేతులతో బ్యాటరీ రెండు కొసలూ పట్టుకున్నా ఏమీ తెలియదు. "పన్నెండు వోల్టులే కదా, ఏం చేస్తుంది" అంటారు. నేను చూసిన కాలిన బళ్లలో సగం ఆ మాట మీదే కాలాయి.

వోల్టేజీ అంటే తోపుడు. కరెంటు అంటే వైరులో నిజంగా పారుతున్న ప్రవాహం. మనిషికి షాకు కొట్టించేది ఆ తోపుడైతే, వైరుని కాల్చేది ఈ ప్రవాహం. అరవై వాట్ల బల్బు ఇంట్లో వెలిగితే పావు ఆంపియరు తీసుకుంటుంది. అంతే వాట్ల బల్బు కారు ముందు వెలిగితే ఐదు ఆంపియర్లు లాగుతుంది. వెలుతురు ఒకటే, వైరు మీద పడే బరువు మాత్రం ఇరవై రెట్లు. వోల్టేజీ తగ్గినకొద్దీ అదే పనికి ఎక్కువ కరెంటు కావాలి, ఎక్కువ కరెంటుకి లావు వైరు కావాలి.

ఇంకో సంగతి. కరెంటు రెండింతలైతే వైరులో పుట్టే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. ఈ ఒక్క లెక్క నోటికి వచ్చినా చాలదు, చేతికి రావాలి. నాకు నోటికి వచ్చు. చేతికి రాలేదని ముప్పై ఏళ్ల తర్వాత తెలిసింది.

జోసెఫ్ మేస్త్రి టీ గ్లాసు

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు జోసెఫ్ మేస్త్రిది. సన్నటి మనిషి, మాట తక్కువ, ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు తప్ప చొక్కా గుండీలు పెట్టుకునేవారు కాదు. కార్లు మాత్రమే చేసేవారు. ఆయన దగ్గర మీటరు ఉండేది, కానీ ఆఖరి మాట మీటరుది కాదు. పని అయిపోయాక బండిలో ఉన్న లైట్లూ ఫ్యానూ హారనూ అన్నీ వేయించి, మనం వేసిన వైరుని ఎడం చేతి పిడికిట్లో పట్టించి, కుడి చేతికి టీ గ్లాసు ఇచ్చేవారు. టీ తాగుతూ వైరు పట్టుకోవాలి. ఖాళీ గ్లాసు ఆయనకి చూపించాకే పిడికిలి విప్పాలి. టీ అయ్యేలోపు చెయ్యి వదిలేస్తే ఆ వైరు సన్నమని లెక్క. ఇంకేం మాట్లాడకుండా మళ్లీ విప్పాల్సిందే.

నేను చేరిన మొదటి వారం ఒకాయన తన కారుకి ఎక్కువ వెలుతురిచ్చే బల్బులు కావాలన్నాడు. వందేసి వాట్లవి పెట్టాను, భీమిలి రోడ్డంతా పగలైపోతుందని మురిసిపోయాను. మేస్త్రి వచ్చి, "టీ తాగేవేటిరా?" అన్నారు. లేదన్నాను. "మరి పట్టుకో."

రెండు గుక్కలకే వదిలేశాను. ఐదేసి ఆంపియర్లకి కంపెనీ వేసిన వైరులో నేను ఎనిమిదికి పైగా పారించాను. ఆయన బ్యాటరీ నుంచి లావు వైరు తెచ్చి, మధ్యలో రిలే పెట్టించారు. పాత స్విచ్చు ఇక రిలేకి సైగ మాత్రమే చేస్తుంది, బరువు మోసేది లావు వైరు. నేను కొత్త వైరు మొదట్లో ఫ్యూజు పెట్టడానికి బద్ధకించాను. అప్పుడు అన్నారు:

"ఫ్యూజు లైట్ల కోసం ఏస్తారనుకుంతన్నావా? వైరు కోసం ఏస్తార్రా. వైరు కాలకముందే అది సచ్చిపోవాల. అదే దాని ఉద్యోగం."

ఫ్యూజు పోతే బండి మనతో ఏదో చెబుతోందని అర్థం. దానికి జవాబుగా ఇంకాస్త పెద్ద ఫ్యూజు వేసేవాడూ, సిగరెట్టు డబ్బాలోని వెండి కాగితం చుట్టేవాడూ నా దృష్టిలో ఒకటే. చెబుతున్నది ఎవరో వినండి మరి. పెద్ద ఫ్యూజు వేసింది నేనే.

ఇరవైనాలుగు వోల్టుల సుఖం

పెళ్లయ్యాక నేను మేస్త్రి షెడ్డు వదిలి పోర్టు వైపు ట్రైలర్ల యార్డులో పనికి వెళ్లాను. అక్కడ పని ఎప్పుడూ ఉంటుంది. లారీలకి, ట్రైలర్లకి రెండు బ్యాటరీలు కలిపి ఇరవైనాలుగు వోల్టులు. అదే ఫ్యానుకి, అదే లైటుకి కారులో పారే కరెంటులో సగం చాలు. రెండున్నర ఎంఎం వైరు చుట్ట ఒకటి భుజాన వేసుకుంటే దాదాపు అన్ని పనులూ అయిపోయేవి. ఉప్పు గాలికి ఎర్తు వైర్లు చిలుము పట్టి పోవడం ఒక్కటే అక్కడ నిజమైన తలనొప్పి.

నేను వెళ్తానన్నప్పుడు మేస్త్రి కోప్పడలేదు. "ఎల్తే ఎల్లు. గానీ నీ సెయ్యి బద్దకిస్తది. ఇరవైనాలుగు వోల్టులు నీ తప్పు కాస్తాయి. పన్నెండు కాయవు" అన్నారు. శిష్యుడు పోతున్నాడని అక్కసనుకున్నాను. యార్డులో ఎవరూ టీ గ్లాసు పరీక్ష పెట్టేవారు కాదు. నేనూ మెల్లగా మానేశాను.

మేస్త్రికి కట్టిన వైరు

రెండేళ్ల కిందట మేస్త్రి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టారు. గాల్లోంచి ఆక్సిజన్ని వేరుచేసి సన్న గొట్టంతో ముక్కుకి అందించే మిషన్ అది. గోడ సాకెట్టుకి పెడితే నడుస్తుంది. అది తీస్తే కాసేపటికే ఆయన పెదాలు నీలంగా మారిపోయేవి. ఎనిమిది నెలలు గుమ్మం దాటలేదు. విజయనగరం అవతల పల్లెలో ఆయన అక్క మంచం పట్టింది. ఆయన చేతులు పట్టుకుని నడక నేర్పిన అక్క. ఒక్కసారి చూసి రావాలని పట్టుబట్టారు.

కూతురు రూతు నాకు ఫోను చేసింది. ఆమె భర్త సుధాకర్‌కి అద్దెకి తిప్పే చిన్న వ్యాన్ ఉంది. దాంట్లో ఇన్వర్టరు పెట్టి, బ్యాటరీ నుంచి మిషన్ నడిచేలా చేయమంది. ఇన్వర్టరు బండి బ్యాటరీలోని పన్నెండు వోల్టుల్ని ఇంటి కరెంటులా మార్చి ఇస్తుంది. ట్రైలర్లలో నేను అలాంటివి చాలా బిగించాను. "ఇంత మాత్రానికి ఇంకెవరినీ పిలవకమ్మా" అన్నాను.

ప్రయాణం ముందురోజు సాయంత్రం వెళ్లి, బ్యాటరీ నుంచి వెనక సీటు దాకా తివాచీ కింద వైరు పరిచాను. భుజాన ఉన్న చుట్టలోంచే, రెండున్నర ఎంఎం. ఇరవై ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. ఏమీ ఆలోచించలేదు. చెయ్యి తన అలవాటున తను పోయింది.

పరీక్షకి మిషన్ కావాలి. మిషనేమో మేస్త్రి ముక్కుకి ఉంది. దారికని తెచ్చిన చిన్న ఆక్సిజన్ సిలిండరు ముట్టుకోనివ్వకుండా, ఆయనే గొట్టం తీసేసి, "తీసుకెల్లు, నాను ఓర్సుకుంతాను" అన్నారు. గుమ్మంలో కుర్చీ వేసుకుని నన్నే చూస్తూ కూర్చున్నారు. మిషన్ వేశాను. కాసేపటికి ఫ్యూజు పోయింది. అటు చూస్తే ఆయన గుండెలు ఎగిరెగిరి పడుతున్నాయి. మోటారు మొదలయ్యేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది కదా, అందుకే పోయిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. డబ్బాలో నలభై ఆంపియర్ల ఫ్యూజు కనిపించింది. అది వేసి, రెండు నిమిషాలు నడిపించి, మిషన్ పరుగున తెచ్చి ఆయనకి పెట్టేశాను.

ఊపిరి నిలదొక్కుకున్నాక అడిగారు. "టీ తాగేవా?"

"తాగేను మేస్త్రీ" అన్నాను.

నా జన్మలో నేను ఆయనతో ఆడిన అబద్ధం అదొక్కటే. ఇంకోసారి ఆ గొట్టం తీయించడానికి నాకు మనసొప్పలేదు. దయ అనుకున్నాను దాన్ని.

యార్డులో తెల్లారింది

మర్నాడు ఏడింటికి వాళ్లు బయల్దేరారు. నేను ఎప్పటిలా యార్డుకి వెళ్లాను. ఒక ట్రైలరు డ్రైవరు తన క్యాబిన్‌లో ఇన్వర్టరు పెట్టమన్నాడు. వైరు చుట్ట తీసి పక్కన పెట్టి, బ్యాటరీ పెట్టె మూత లేపాను. పక్కపక్కన రెండు బ్యాటరీలు.

వాటినే చూస్తూ నిలబడిపోయాను. రెండు. నిన్నటి వ్యాన్‌లో ఒక్కటే ఉంది.

మిషన్‌కి మూడువందల యాభై వాట్లు. ఇన్వర్టరు తినేది కూడా కలిపితే, ఇక్కడైతే పదహారు ఆంపియర్లు. అక్కడ ముప్పై మూడు. అదే వైరులో నాలుగింతల వేడి, అదీ తివాచీ కింద, గాలి ఆడని చోట. వైరు వేడెక్కేకొద్దీ దారిలోనే వోల్టేజీ పడిపోతుంది, పడిపోయినకొద్దీ ఇన్వర్టరు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఫ్యూజు సరిగ్గా ఆ సంగతే చెప్పింది. నేను దాని నోరు మూయించాను. ఇప్పుడా నలభై ఆంపియర్ల ఫ్యూజు పోయేలోపు వైరు కాలిపోతుంది. వైరు మీద సీటు, సీటు మీద మేస్త్రి, ఆయన చుట్టూ ఆక్సిజన్. ఆక్సిజన్ దగ్గర నిప్పురవ్వ చాలు.

సుధాకర్‌కి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది, బండి నడుపుతున్నాడు. రూతుకి చేశాను. ఎత్తింది.

"అన్నయ్యా, నానే ఫోను సేద్దామనుకుంతన్నాను. ఇన్వర్టరు కుయ్‌మని అరుత్తంది. పెందుర్తి దాటేం. ఏటో మాడిన వాసనొస్తంది."

"ఆపెయ్యమ్మా. ఇన్వర్టరు ఇప్పుడే ఆపెయ్."

"ఆపితే నాన్నకేటి?"

"సిలిండరుంది కదా, చిన్నది. అది పెట్టు."

"అది అరగంటే వస్తదన్నారన్నయ్యా."

వెనక నుంచి మేస్త్రి గొంతు వినబడింది. "ఏటంతన్నాడే ఆడు?" తర్వాత ఏదో పడిన చప్పుడు, రూతు కేక. లైను తెగిపోయింది. మళ్లీ చేశాను, ఎవరూ ఎత్తలేదు.

పెందుర్తి దాకా

యార్డులో వెల్డింగు కేబులు ఉంది. బొటనవేలంత లావు, లోపలంతా రాగి. కావలసినంత కోసుకుని, కేబులు కొసలకి బిగించే లగ్గులూ పనిముట్లూ సంచిలో వేసుకుని స్కూటరు ఎక్కాను. సిలిండరు అరగంటకి ఒక్క నిమిషం కూడా ఎక్కువ రాదు. యార్డు నుంచి పెందుర్తి దాకా ఖాళీ రోడ్డు మీదే అరగంట పడుతుంది. ఎనిమిదింటికి ఆ రోడ్డు ఖాళీగా ఎప్పుడుంది గనక?

కంచరపాలెం మీదుగానే వెళ్లాలి. మూతపడిన ఆ రేకుల షెడ్డు ముందునుంచి వెళ్లాను. అటు తల తిప్పలేకపోయాను. ఎన్‌ఏడీ కూడలి దగ్గర స్కూలు బస్సులు అడ్డం. గోపాలపట్నంలో ఒక ఆటోవాడు నన్ను తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవే. ఆగిన ప్రతిచోటా ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తేవాళ్లు లేరు. ఎనిమిది నెలలు ఇంట్లో క్షేమంగా ఉన్న మనిషిని నా చేతులతో నేనే బయటికి తెచ్చి చంపుకుంటున్నానని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నడిపాను.

పెందుర్తి దాటాక రోడ్డు పక్కన నల్లటి పొగ కనబడింది. దగ్గరికి వెళ్తే ఎవరో పాత టైర్లు తగలబెడుతున్నారు. స్కూటరు ఆపి గట్టు మీద ఒక్క క్షణం కూర్చున్నాను. మళ్లీ బయల్దేరాను.

ఇంకో రెండు మలుపుల అవతల వ్యాన్ కనబడింది. తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. పక్కనే చిన్న టీ కొట్టు. కొట్టు బల్ల మీద మేస్త్రి గోడకి జారబడి కూర్చున్నారు. ముక్కుకి గొట్టం ఉంది. కాళ్ల దగ్గర మిషన్ నడుస్తోంది. దాని వైరు కొట్టులోని గోడ సాకెట్టుకి పెట్టి ఉంది.

దారిలో ఏ కొట్టులోనైనా గోడ సాకెట్టు ఉంటుందన్న ముక్క నాకు తట్టలేదు. రూతుకి ఆ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆయన ఊపిరాడని స్థితిలో ఉండి కూడా కొట్టు కనబడగానే ఆపమన్నారట. మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి చెబుతున్నాను, కంగారు పడినవాడి బుర్ర వైర్ల గురించే ఆలోచిస్తుంది, మనిషి గురించి ఆలోచించదు.

రూతు ఫోను సీటు కింద పడి ఉంది. మేస్త్రి కుడి చేతికి తడిగుడ్డ చుట్టి ఉంది.

"నువ్వు ఫోన్ల ఉండగానే తివాచీ ఎత్తి వైరు లాగేసేరన్నయ్యా," అంది రూతు. "అప్పటికే మెత్తబడిపోయింది, సెయ్యి కాలిపోయింది."

సుధాకర్ నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. "బావా, నిన్ను నమ్మి ఎక్కించేం కదా" అన్నాడు.

మేస్త్రి కాళ్ల దగ్గర కూర్చున్నాను. "నిన్న నాను టీ తాగలేదు మేస్త్రీ. అబద్దమాడేను."

"తెలుసురా" అన్నారు. ఒక్కొక్క మాటకీ ఊపిరి కూడగట్టుకుంటున్నారు. "నీ గొంతులోనే తెలిసింది. అందుకే బయల్దేరినకాడి నుంచీ సెయ్యి తివాచీ మీదే ఎట్టుకుని కూసున్నాను. నిన్ననే మల్లీ సూడమని అనాల. సిన్నబోతావని అనలేదు. అది నా తప్పు."

నేను ఆయన మీద జాలిపడి అబద్ధమాడాను. ఆయన నా మీద జాలిపడి ఊరుకున్నారు. మా ఇద్దరి మంచితనానికీ కలిపి ఆ వ్యాన్‌లో నలుగురి ప్రాణాలు పోయేవే, డ్రైవరు సీటు పక్కన రూతు పెద్దకొడుకు కూడా ఉన్నాడు. వైరుకి మర్యాదలు తెలియవు. మీ గురువుగారు కట్టిన వైరైనా సరే, అనుమానమొస్తే విప్పమనండి. మొహమాటపడకండి.

పాత వైరు పీకేశాను. పై తొడుగు తివాచీకి అతుక్కుని పొరలు పొరలుగా ఊడింది. వెల్డింగు కేబులు వేసి, లగ్గులు గట్టిగా బిగించి, బ్యాటరీ పక్కనే నలభై ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. నిన్నటి ఫ్యూజే. నిన్నటి వైరుకి అది శాపం, ఈ వైరుకి అదే కాపలా. ఒక్కో బోల్టూ రెండుసార్లు బిగించాను.

ఇంజను వేయించి, మిషన్ని ఇన్వర్టరుకి మార్చాను. కుయ్ అనలేదు. మేస్త్రి బల్ల మీంచి లేచి, సుధాకర్ భుజం పట్టుకుని వ్యాన్ మెట్టు మీద కూర్చున్నారు. కాలని ఎడం చేత్తో కేబులు అందుకుని పిడికిలి బిగించారు.

"ఆడికో టీ ఇవ్వమ్మా" అన్నారు కొట్టామెతో.

"మేస్త్రీ, నాను పట్టుకుంతాను, ఇలా ఇవ్వండి."

"నువ్వు తాగు."

గ్లాసు అందుకున్నాను. తొందరగా అవగొడదామని పెద్ద గుక్క వేశాను, నోరు కాలింది.

"నెమ్మదిగా తాగు. తొందరేటి? అక్క ఎక్కడికీ ఎల్లదు."

తాగాను. రూతు తండ్రి మొహం వైపు, నేను ఆయన పిడికిలి వైపు, ఆయన నా గ్లాసు వైపు చూస్తున్నాం. అడుగున చక్కెర మిగిలే దాకా తాగి, గ్లాసు ఒంచి ఆయనకి చూపించాను. బాగా చూశారు.

అప్పుడు పిడికిలి విప్పారు.